జీపెక్కిన పళ్ళు

ఎలక్షన్లు వచ్చాయంటే సింహాద్రిపురం చుట్టుపక్కల పల్లెల్లో పుల్లారెడ్డి జీపు తిరగాల్సిందే, ఆ జీపు మీద నిలబడి దేవపాలు నోరు తెరవాల్సిందే.

దేవపాలు పుల్లారెడ్డి దగ్గర ట్రాక్టరు డ్రైవరు. పైవరసలో ముందుపళ్ళు రెండూ సగానికి విరిగి ఉండేవి. చాలా ఏళ్ళ కిందటి పంచాయతీ ఎలక్షన్లలో పోలింగు బూతు ముందర రాళ్ళు లేచినప్పుడు, అవతలి పార్టీ కుర్రవాడు నారాయణ విసిరిన రాయి సరిగ్గా మూతికి తగిలింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పెదవికి కుట్లు వేశారు. పెదవి మానింది. విరిగిన పళ్ళు తమంతట తాము పెరగవు గదా, అవి అట్లాగే ఉండిపోయాయి.

పుల్లారెడ్డికి ఆ పళ్ళు బంగారం. జీపు ఆపించి, దేవపాలు గడ్డం పట్టుకుని జనం వైపు తిప్పేవాడు. "చూడండప్పా! అమాయకుని నోరు ఏం జేసినారో చూడండి! దీనికి మీ జవాబేందో ఓటుతో చెప్పండి!" దేవపాలు నోరు తెరిచేవాడు. మాట్లాడమని అతన్ని ఏనాడూ ఎవరూ అడగలేదు. సొంత ఊళ్ళో అయితే జీపు పనిగట్టుకుని నారాయణ ఇంటి ముందే ఆగేది. లోపల తలుపు గొళ్ళెం పడిన చప్పుడు వినిపించేది.

ఇంతకన్నా సిగ్గుమాలిన పని ఉంటుందా అంటే, ఆ రోజుల్లో అది సిగ్గుగా ఎవరికీ తోచలేదు. కాలు పోయినవాడికి, కన్ను పోయినవాడికి, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషికి పార్టీలో ఒక పీట ఉండేది. గాయం పచ్చిగా ఉన్నన్నాళ్ళూ పీట ఉంటుంది. "ఆ పళ్ళ జోలికి పోగాకురే, మన గుర్తు కంటే అవే బాగా పనిజేస్తాండాయి," అని పుల్లారెడ్డి నవ్వుతూనే చెప్పాడు. ట్రాక్టరు స్టీరింగు తన చేతిలో ఎందుకుందో దేవపాలుకు బాగా తెలుసు. అందుకే చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమన్నా ఓర్చుకున్నాడు. నవ్వొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. రానురాను నవ్వడమే మానుకున్నాడు.

కూతురు అరుణకుమారి ప్రొద్దుటూరులో పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరాక ఇంట్లో పోరు మొదలైంది. "నాయనా, మా మేడమ్ విరిగిన పన్నును మళ్ళీ కడతాది. పీకేది ల్యా, పెట్టుడు పన్ను అంతకన్నా కాదు. ఒక్క తూరి రా." దేవపాలు నమ్మలేదు. పన్నేమన్నా గోడనా, కట్టడానికి? అయినా కూతురు చెయ్యి పట్టుకుని లాగితే కాదనలేక ఒక శనివారం బస్సెక్కాడు.

డాక్టరు దిల్షాద్ ప్రొద్దుటూరు పిల్లే. ఎక్స్‌రే తీసి, "అన్నా, నీ అదృష్టం, నరం బతికే ఉండాది," అంది. పంటి రంగుకు సరిపోయే ముద్దను విరిగినచోట పెట్టి, దిద్ది, లైటు చూపిస్తే గట్టిపడి అతుక్కుంటుందని చెప్పింది. దేవపాలు అంతా బుద్ధిగా విని, కుర్చీలో కాస్త ముందుకు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, ఎలక్షన్లప్పుడు తీసి పక్కన పెట్టుకునేదానికి అవుతాదా?"

దిల్షాద్‌కు మొదట అర్థం కాలేదు. అరుణకుమారి తల దించుకుని, జీపు సంగతి రెండు ముక్కల్లో చెప్పింది. దిల్షాద్‌కు నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది.

"లేదన్నా. అది తీసి పెట్టేది కాదు. అతుక్కున్యాక నీ పన్నే."

దేవపాలు కుర్చీలోంచి కాళ్ళు కిందికి దించాడు. పళ్ళు బాగైతే స్టీరింగు పోతుంది. ఈ వయసులో ఇంకెవరి దగ్గర చేరతాడు? చేరినా, పుల్లారెడ్డి మనిషిగా ముద్రపడ్డవాణ్ణి ఎవరు రానిస్తారు? "వద్దులే తల్లీ," అన్నాడు.

"సరే, కట్టన్లే. ఎట్లుంటాదో చూసి పో," అంది దిల్షాద్. మందేమీ పూయకుండా ఊరికే ముద్ద పెట్టి, సన్నటి పరికరంతో ఇటు అటు నొక్కి, నీలం లైటు చూపించి, చేతికి అద్దం ఇచ్చింది.

అద్దంలో దేవపాలు ఉన్నాడు. రాయి తగలకముందు ఉండిన దేవపాలు. అతను పెదవి పైకెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. చర్చిలో ఎన్నిసార్లో విన్నాడు గుడ్డివాడికి చూపొచ్చిన సంగతి. ఆ మనిషికి మొదట ఏమనిపించి ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది. ఆనందం తర్వాత వస్తుంది, ముందు భయమే వేస్తుంది.

దిల్షాద్ పరికరం మొనతో చిన్నగా మీటింది. అంటించని ముద్ద టక్కున ఊడి ఆమె అరచేతిలో పడింది. అద్దంలో మళ్ళీ జీపు మీది నోరు.

"చెయ్యి మేడమ్," అన్నాడు దేవపాలు. "ఏమైతే అది అయితాది. చెయ్యి."

విరిగిన అంచులను నున్నగా గీకి, నీలంగా ఉన్న మందు పూసి, కడిగి ఆరబెడితే పన్ను సున్నం రాసినట్టు తెల్లబడింది. దాని మీద బంక రాసి, ముద్దను పొర మీద పొరగా పెట్టుకుంటూ, పొరపొరకూ లైటు చూపించుకుంటూ వచ్చింది. పక్కపన్ను మీద సన్నటి గీత ఉంటే కొత్తదాని మీదా అట్లాంటి గీతే తెచ్చింది. ఆ గీతను దేవపాలు అద్దంలో మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు. దేవుడు చేసిన పనిని ఇంత శ్రద్ధగా చూసి చేసే మనుషులు ప్రొద్దుటూరు బజార్లో, మేడమీది గదిలో కూర్చుని ఉంటారని అతనికెట్లా తెలుస్తుంది? ఎముకలు కొరకొద్దు, చెరుకు పళ్ళతో చీల్చొద్దు అని చెప్పి పంపింది దిల్షాద్.

ఇంట్లో రాహేలు మొగుడి ముఖం చూసి చాట కింద పెట్టేసింది. దగ్గరికొచ్చి కళ్ళారా చూసుకుంది. తర్వాత ఏడ్చింది.

పుల్లారెడ్డి ఎదుట దేవపాలు పెదవి విప్పకుండా నెట్టుకొచ్చాడు. నవ్వని మనిషి గదా, అనుమానం రాలేదు. చివరికి ఎలక్షన్లు వచ్చాయి. పులివెందుల నుంచి నాయకులొచ్చారు. జీపు మొట్టమొదట నారాయణ ఇంటి ముందే ఆగింది. ఎప్పటిలాగే గొళ్ళెం పడింది.

"చూడండప్పా! వీళ్ళ దౌర్జన్యం చూడండి!" పుల్లారెడ్డి గడ్డం పట్టి తిప్పాడు. దేవపాలు కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు.

జనం చూశారు. రెండు పళ్ళూ నిండుగా, తెల్లగా, ఎండలో తళతళలాడుతున్నాయి. ముందు ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత వీధి వీధంతా ఘొల్లుమంది. పులివెందుల నాయకుడొకడు నవ్వు కనపడకుండా కండువాతో మూతి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఏందిరా ఇది? ఎవుర్నడిగి పెట్టిచ్చుకున్యావు?" అని పుల్లారెడ్డి కేకేశాడు.

"నా నోరు రెడ్డీ," అన్నాడు దేవపాలు. జీపు మీద అతను పలికిన మొదటి మాట అదే.

"దిగు! ట్రాక్టరు తాళాలు ఇంట్లో ఇచ్చి పో!"

దేవపాలు దిగాడు. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. నవ్వినవాళ్ళు దాని వెంట పోయారు. వీధి మధ్యలో అతనొక్కడే మిగిలాడు. ఉద్యోగం పోయింది, రేపటినుంచి ఏం చెయ్యాలో తెలియదు.

అప్పుడు గొళ్ళెం తీసిన చప్పుడైంది.

నారాయణ బయటికి వచ్చాడు. కుర్రతనం ఎప్పుడో పోయింది, చెంపలు నెరిశాయి. నవ్వులు విని కిటికీ సందులోంచి చూసినట్టున్నాడు. దగ్గరికొచ్చి, దేవపాలు నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా... ఇంగో తూరి చూపిచ్చు."

దేవపాలు చూపించాడు. నారాయణ వేలెత్తాడు, తాకవచ్చునో లేదో తెలియక గాల్లోనే ఆపాడు. దేవపాలు తలాడించాక మెల్లగా పన్ను మీద ఆనించాడు. నున్నగా తగిలింది. ఆ ముఖంలో కనిపించిన ఆశ్చర్యం ప్రొద్దుటూరు అద్దంలో దేవపాలు చూసుకున్నదే. నారాయణ కళ్ళనిండా నీళ్ళు.

"నొప్పి ల్యాదు గదా అన్నా?"

ఇన్నేళ్ళలో, ఇంతమంది ఈ నోట్లోకి తొంగి చూశారు గదా, పార్టీలో ఒక్కరూ ఆ మాట అడగలేదు.

"ఆ పొద్దు శానా నొచ్చింది నారాయణా," అన్నాడు దేవపాలు. "ఇప్పుడు ల్యా."