గుండీలక్క రెండు డబ్బాలు

కుట్టు ఫ్యాక్టరీలో తయారైన చొక్కాలను పరీక్షించే ఆమెను అందరూ గుండీలక్క అనేవారు. ఏ గొడవ తేల్చాలన్నా రెండు రేకు డబ్బాలు ముందు పెట్టుకుని గుండీలు వెయ్యనిదే ఆమెకు తోచదు. ఒక్కో కారణానికి ఒక్కో డబ్బా. "ఇదే నిజమైతే, మనం చూసింది పదిసార్లలో ఎన్నిసార్లు జరుగుతుంది?" అని అడిగి, అన్ని గుండీలు వేస్తుంది. నవ్వేవాళ్లు నవ్వుతారు, ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఆ రోజు మాత్రం ఆమెకే చెమటలు పట్టాయి. పన్నెండు చొక్కాల్లో కుట్లు తప్పాయి. అన్నీ పిన్ని మిషన్ మీదవే. తనకు సూది పట్టడం నేర్పిన సొంత పిన్ని!

"ఆవిడకి చెయ్యి వణుకుతోంది. రేపట్నుంచి మిషన్ వద్దు, మడతలు పెట్టమను," అన్నాడు సూపర్‌వైజర్. "చెయ్యి వణికితే కుట్టు తప్పుతుందా, లేదా?"

"పదిలో ఎనిమిదిసార్లు తప్పుతుంది సార్," అంటూ ఆమె ఎనిమిది గుండీలు వేసింది. "మిషన్ పాడైనా ఎనిమిదిసార్లు తప్పుతుంది." రెండో డబ్బాలోనూ ఎనిమిది. "రెండూ సమానం. అంటే దీంతో ఏదీ తేలలేదు!"

ఆయన మొహం చిట్లించుకున్నాడు. పిన్ని వైపు చూడ్డానికి గుండీలక్కకు ధైర్యం చాల్లేదు. టీ గ్లాసు పట్టుకున్నప్పుడు ఆ చెయ్యి వణకడం తనూ చూసింది మరి. రెండింటికీ తేడా చూపించేదేదో కావాలి. చొక్కాలన్నీ మళ్లీ తిరగేసింది. ఒక్కోదానికీ ఏ గంటలో కుట్టారో రాసిన చీటీ ఉంటుంది. వాటిని ఒక్కొక్కటే చదివింది. పన్నెండింటిలో పదకొండు పొద్దున్నే, మొదటి గంటలో కుట్టినవి!

"చెయ్యి అలిసేది సాయంత్రం కదా సార్! వణుకే కారణమైతే పదిలో ఒక్కసారి ఇలా జరిగితే గొప్ప." ఒక్క గుండీ టంగుమంది. "అదే చల్లబడ్డ మిషన్, వేడెక్కేదాకా మొరాయిస్తోందనుకోండి?" ఈసారి తొమ్మిది, గలగలా. "రేపు పొద్దున్నే మీరే కూర్చుని కుట్టండి. కుట్టు తప్పకపోతే నేనే పిన్నిని తీసుకెళ్లి మడతల దగ్గర కూర్చోబెడతాను."

ఒకప్పుడు ఆయనా చెయ్యి తిరిగిన దర్జీయే, కాదనలేకపోయాడు. మర్నాడు షెడ్డంతా ఆ మిషన్ చుట్టూ మూగింది. మొదటి కాలరు మీద రెండు కుట్లు ఎగిరిపోయాయి. రెండోదాని మీద మూడు. గుండీలక్క ఎగిరి గంతేసింది! ఆయన లేచి, "మెకానిక్‌ని పిలవండి," అని మాత్రం అన్నాడు. పిన్నికి పక్క మిషన్ దగ్గర కుర్చీ తనే జరిపాడు.

పిన్ని కూర్చుంటూ మెల్లగా అడిగింది. "నిజం చెప్పవే. నా చెయ్యి వణకట్లేదా?"

"వణుకుతోంది పిన్నీ. కానీ కుట్లు తప్పింది అందుకు కాదు."

పిన్ని కాసేపు తన చేతిని చూసుకుంది. సూదిలోకి దారం మూడోసారికి ఎక్కింది. కుట్టు మాత్రం తిన్నగా పడింది.