తిరిగొచ్చిన పన్నెండు షేడ్లు

బల్బులకు గుడ్డ షేడ్లు కట్టడంలో పెద్దమ్మకు సాటి వచ్చే మనిషి ఊరంతా గాలించినా దొరకదు. వీధి వీధంతా ఆవిడను పిలిచేది పెద్దమ్మ అనే. చదివింది పల్లె బడిలో ఐదో తరగతి. అయితేనేం, కోర్టు లైబ్రరీలో ముప్పై ఆరు షేడ్లు, రైల్వే విశ్రాంతి గదిలో పద్దెనిమిది, పెద్ద హోటల్లో మెట్టుకొకటి చొప్పున నలభై, అన్నీ ఆవిడ చేతి మీదుగా వెళ్లినవే. భర్త ఇనుప తీగ వంచి చట్రం కడతాడు. దాని మీద ఆవిడ తెల్ల పట్టు బిగించి, లోపల పసుపు లైనింగ్ వేసి అంచు కుడుతుంది. వెలిగించి చూస్తే కుట్టు నీడ పడదు, జిగురు మరక కనపడదు. నలభై ఏళ్లలో ఒక్క షేడూ వెనక్కి రాలేదు. ఆ మాట చెప్పకుండా ఆవిడ ఎవరికీ మంచినీళ్లయినా ఇవ్వదు.

అలాంటి మనిషి గుమ్మంలో ఒకనాటి పొద్దున పిల్లల ఆసుపత్రి నర్సు రెండు అట్టపెట్టెలు దింపింది. వారం కిందట పంపిన పన్నెండు షేడ్లూ అందులోనే ఉన్నాయి.

"పెద్దమ్మగారూ, కోప్పడకండి. డాక్టరమ్మగారు మార్చి ఇమ్మన్నారు."

"మార్చడమేంటి? కుట్టు ఊడిందా? పట్టు జారిందా?"

"అబ్బే, ముచ్చటగా ఉన్నాయి. కాకపోతే పరీక్ష గదులకు కిటికీల్లేవు కదా, ఈ లైటు కింద పడుకోబెడితే ప్రతి పిల్లాడికీ కామెర్లు వచ్చినట్టే ఉంది. నిన్న ఇద్దరికి ఊరికే రక్తపరీక్ష రాశారు. తర్వాత అద్దంలో చూసుకుంటే డాక్టరమ్మగారికీ కామెర్లే!"

భర్త పట్టకారు కింద పెట్టి మరీ నవ్వాడు.

"నవ్వండి, మీదేం పోయింది? తీగకు రంగా రుచా!" అని ఆయన మీద విరుచుకుపడింది పెద్దమ్మ. "కోర్టువాళ్లు కిక్కురుమన్నారా?"

"కోర్టులో ఎవడి మొహం ఏ రంగులో ఉంటే ఎవడిక్కావాలే?"

నర్సు వెళ్లాక పెద్దమ్మ కిటికీలు మూసి, ఒక షేడు వెలిగించి, దాని కింద చెయ్యి పెట్టింది. పసుపు ముద్దలో ముంచి తీసినట్టుంది చెయ్యి. ఇన్నేళ్లూ షేడు ఎలా వెలుగుతోందో చూసింది గానీ, దాని కింద మనిషి ఎలా ఉన్నాడో ఆవిడ చూడనే లేదు.

తర్వాత భర్తను లాక్కొచ్చి బల్బు కింద కూలేసింది.

"కదలకండి."

లైనింగ్ తీసేసి చూసింది, ఇంకా పసుపు ఛాయే. పట్టుకే కాస్త మీగడ రంగుంది. సన్న నార గుడ్డ కప్పింది, ఆయన బూడిదలా తేలాడు. చివరికి ఉతికి ఆరేసిన తెల్ల నూలు గుడ్డ కప్పింది.

"ఏవండీ, గడ్డం కింద సరిగ్గా గీసుకోలేదు."

"కనపడుతోందా?"

"ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు."

"అయితే అదే గుడ్డ. ఇక నన్ను లేవనియ్యి."

నాలుగో రోజుకల్లా పన్నెండు తెల్ల నూలు షేడ్లు పరీక్ష గదులకెక్కాయి. పాత పట్టు షేడ్లకు పసుపు ఊడదీసి గులాబీ లైనింగ్ వేసి, వాటినీ పంపింది పెద్దమ్మ.

"ఇవెక్కడికండీ?" అంది నర్సు.

"బయట వరండాకి. నిద్రల్లేని తల్లుల మొహాలకు కాస్త కళ రావద్దూ?"

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లతో పాటు కొత్త మాట ఇస్తోంది: "నలభై ఏళ్లలో ఒక్కసారే వెనక్కొచ్చాయి. పన్నెండొచ్చాయి, ఇరవై నాలుగై వెళ్లాయి."