డీజిలింజనుకు దిష్టి

నా చిన్నప్పుడు అందమైన ఇంజను ఏదని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. గద్వాల స్టేషనులోకి పొగ వదులుతూ వచ్చేది ఒకటే రకం. గుండ్రటి నల్లటి ముఖం, నెత్తిన పొగగొట్టం, పక్కన ముందుకీ వెనక్కీ ఆడే ఇనుప చేతులు. అందమంటే అదే. ఇప్పుడు మా మనవడు ఫోను తెచ్చి నా ముక్కుకు ఆనించి, "అవ్వా, వీటిల్ల ఏది బాగుందో చెప్పు, పదికి ఎన్ని మార్కులేస్తవ్?" అంటాడు. ఆవిరివి, డీజిల్‌వి, కరెంటువి, దేశంలో ఉన్న ఇంజన్లన్నిటినీ కడిగి, ఎండలో నిలబెట్టి తీసిన ఫొటోలు. వాటి కింద ఎక్కడెక్కడివాళ్లో నాది గొప్పంటే నాది గొప్పని కొట్టుకు చస్తుంటారు. వాళ్లలో ఒక్కడైనా ఇంజను మీద చెయ్యి వేసి చూశాడా అని నా అనుమానం. ఫొటో చూసి పిల్లకు వంకలు పెట్టే పెళ్లిళ్ల పేరయ్యలు వీళ్లు.

వంకలు పెట్టడం తప్పని నేను అనను. ఆ విద్యలో నేనేమీ తక్కువ తినలేదు. నాకు ఆ విద్య నేర్పిన గురువు మా పక్కింటి మామ.

ఆయన ఆవిరి ఇంజను డ్రైవరు. డ్యూటీ ఎక్కడెక్కడో పడేది గానీ ఇల్లు మాత్రం మా వీధిలోనే, స్టేషనుకు కూతవేటు దూరంలో. ఇంజను గద్వాలలో నీళ్లు పట్టుకునే ఆ కాసేపట్లోనే ఆయన కిందికి దిగి, నూనె గుడ్డతో దాని ముఖం తుడిచేవాడు. ఇత్తడి పట్టీని మా అమ్మ పండక్కి చెంబు తోమినట్టు తోమేవాడు. దసరాకు ఆయుధపూజ నాడు దానికి అరటి పిలకలు కట్టి, ముఖం నడుమ అరచేయంత కుంకుమబొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచేవారు. ఆ బొట్టుతో అది కూత వేసి కృష్ణ వంతెన వైపు కదిలితే ప్లాట్‌ఫారం మీది ఆడవాళ్లు దండం పెట్టేవారు. నేనైతే అది నన్నే చూసిందనుకుని ఇంటికి పోయి గొప్పలు చెప్పుకునేదాన్ని.

అంత ముద్దుగా ఇంజనును చూసుకునే మనిషికి నోరు మాత్రం పచ్చి మిరపకాయ. డీజిల్ ఇంజన్లు వస్తున్నాయని తెలిసిన దగ్గరనుంచి స్టేషను ముందరి హోటల్ బల్ల మీద కూర్చుని వాటిని తిట్టడమే ఆయనకు పని. "అదేం ఇంజన్‌రా? బీరువాకు చక్రాలు పెట్టిండ్రు. ముక్కు లేదు, మొఖం లేదు. నిప్పు లేని ఇంజను, పొయ్యి లేని ఇల్లు రెండొక్కటే" అనేవాడు. వినేవాళ్లు టీ ఒలకబోసుకుంటూ నవ్వేవారు. ఆయనకే డీజిల్ ట్రైనింగుకు రమ్మని కాగితం వచ్చిందని వాళ్లకు తెలుసు. పోకపోతే డ్రైవరు పని ఉండదు. ఆవిరి ఇంజన్లు మూలపడ్డాక ఏ షెడ్డులోనో బూడిద ఎత్తుకుంటూ బతకాలి. అందుకే ఆ తిట్లు. ఆ బాధ నాకు అప్పుడు అర్థం కాలేదు. తిట్లు మాత్రం ఒక్కటి వదలకుండా నేర్చుకున్నాను.

నాకు తొమ్మిదేళ్లున్న ఏడు, సరిగ్గా ఆయుధపూజ నాటి పొద్దున, మొదటి డీజిల్ ఇంజను మా స్టేషనుకు వచ్చింది. బండిని తగిలించుకోవడానికి ఒంటరిగా వచ్చి పక్క పట్టాల మీద నిలబడింది. ఎర్ర రంగు, నడుమ పసుపు పట్టీ, పొడుగ్గా ఒక పెట్టె. ఊరు ఊరంతా అక్కడే ఉంది. పేడ ఏరుకురావడం నా రోజువారీ పని కాబట్టి నేనూ గంప చంకన పెట్టుకుని వెళ్లాను.

మా ఊరి పెద్దమనుషుల తెలివి గురించి ఇక్కడ చెప్పక తప్పదు. డప్పులు, కొబ్బరికాయలు, అరటి పిలకలు అన్నీ తెచ్చారు. తీరా చూస్తే ఆ ఇంజనుకు ముఖం ఎటుందో ఒక్కడికీ తెలియలేదు. ఒక కొసన డ్రైవరు గది, దానికి రెండు కిటికీలు. ఇంకో కొసన బోడిగా పొడుగాటి మూతి. కిటికీలే కళ్లని ఒకాయన తేల్చేశాడు. ఊళ్లో ఏ పంచాయితీకైనా ఆయనదే తీర్పు, ఆయన తేల్చాక ఇంకెవరూ నోరెత్తరు. కిటికీల నడుమ బొట్టు పెట్టారు, దండ వేశారు, కొబ్బరికాయ కొట్టారు. అప్పుడు డ్రైవరు ఎక్కి హారన్ మోగించాడు. ఇంజను తాపీగా వెనక్కు నడిచి, బొట్టు పెట్టిన ముఖాన్ని తీసుకుపోయి బండి మొదటి పెట్టెకు ఆనించింది. అరటి పిలకలు నుజ్జునుజ్జయ్యాయి. మనవాళ్లు పూజ చేసింది దాని వీపుకు. దండ వేసిన చేతులు వేసినట్టే ఉండిపోయాయి, డప్పులు ఆగిపోయాయి. అంతటి బుద్ధిమంతులను ఒక్కచోట మళ్లీ నేను చూడలేదు.

నేను పడీపడీ నవ్వాను. నవ్వుతూ మామ కోసం చూస్తే ఆయన గుంపులో లేడు. నీళ్ల గొట్టం దగ్గర గూడ్సు బండితో ఆయన పాత ఇంజను ఆగి ఉంది. ఆ ఏడు దానికి ఒక్క పువ్వు పెట్టినవాడు లేడు. మామ ఒక్కడే జేబులోంచి కుంకుమ పొట్లం తీసి, వేలితో దాని నల్లటి ముఖం మీద చిన్న బొట్టు పెట్టి, దూరం జరిగి నిలబడి చూస్తున్నాడు. కొత్త తువ్వాలు భుజాన వేసుకున్నాడు, పండగ కదా. ఆయన కళ్లు చూశాక నాకు నవ్వు ఆగిపోయింది. ఆ ఎర్ర పెట్టె మీద కోపం వచ్చింది.

డీజిల్ డ్రైవరు టీ తాగడానికి పోయాడు. జనం పలచబడ్డారు. నేను గంపలోంచి పచ్చి పేడ ముద్ద తీసి, గోడకు పిడక చరిచినట్టు ఆ డ్రైవరు గది తలుపు మీద చరిచాను. ఒకటి కాదు, మూడు. కొత్త రంగు మీద అవి ఎంత బాగా అతుక్కున్నాయో చెప్పలేను. జన్మ ధన్యమైనట్టు అనిపించింది.

ఆ సంతోషం టీ తాగినంత సేపు కూడా నిలవలేదు. డ్రైవరు తిరిగొచ్చి కేకలు పెట్టాడు. స్టేషను మాస్టరు పరుగెత్తుకొచ్చి, పేడ వంక ఒకసారి, నీళ్ల గొట్టం వంక ఒకసారి చూసి మామను పిలిచాడు. "హోటల్ల కూసోని తిట్టింది సాలలేదా నీకు? ఇప్పుడు గిట్ల మొదలుపెట్టినవా? నేను రిపోర్ట్ రాస్త. ట్రైనింగు లేదు, ఏం లేదు, ఇగ ఇంట్ల కూసో" అన్నాడు. జేబులోంచి పెన్ను కూడా తీశాడు. మామ ఏం చెప్పినా ఎవరు నమ్ముతారు? ఊరంతా ఆయన తిట్లకు సాక్ష్యం. నేను కొబ్బరికాయలు తెచ్చిన ఆడవాళ్ల వెనక నక్కాను. నేనే చేశానని చెప్పాలని తెలుసు. గంపను ఒకావిడ చీర చాటుకు నెట్టి ఇంకా వెనక్కి జరిగాను. ఇవాళ్టికీ ఆ పిరికిపిల్లను తలచుకుంటే నాకు అసహ్యమే. చేసేటప్పుడున్న పౌరుషం చెప్పేటప్పుడు ఎక్కడికి పోయిందో!

మామ తలుపు దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. పిడక మీద చెయ్యి అచ్చు పడుతుంది కదా. మూడు ముద్దల మీదా ఐదేసి వేళ్లు, చిన్నవి, స్పష్టంగా ఉన్నాయి. ఆయన తల తిప్పి గుంపంతా వెతికి, ఆడవాళ్ల కుచ్చిళ్ల సందులోంచి చూస్తున్న నన్ను కళ్లతోనే పట్టుకున్నాడు. అయిపోయింది నా పని అనుకున్నాను.

ఆయన మాస్టరు వైపు తిరిగి, "దిష్టి తీసిండ్రు సార్" అన్నాడు.

మాస్టరుకు ఏమీ అర్థం కాలేదు. మామ గొంతు పెంచాడు. "ఇంత అందమైన ఇంజను మా ఊరికి ఎన్నడన్న వచ్చిందా? రంగు సూడండ్రి, ఆ నిగనిగ సూడండ్రి. ఊరందరి కండ్లు పడ్డయ్. పసిపిల్లకు బుగ్గ మీద నల్లసుక్క పెట్టమా? గట్లనే ఎవరో ఆడపిల్ల పేడ పెట్టింది. జర కడిగితే పోతది."

నిన్నటిదాకా బీరువా అన్న నోటితోనే ఈ మాటలు. ఒక్కో మాటా ఆయన గొంతులోంచి ముల్లులా బయటికి రావడం నాకు కనిపిస్తూనే ఉంది. ఇంజనుకు పేడ పెట్టి దిష్టి తీసే ఆచారం గద్వాలలో లేదు, చుట్టుపక్కల పల్లెల్లోనూ లేదు. కానీ నా ముందున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అవునయ్యా, మా దిక్కు గట్లనే జేస్తం" అన్నారు. ఎవరి పిల్ల గంపలో పేడ ఉందో వాళ్లకు తెలియదా ఏమిటి! డీజిల్ డ్రైవరు ఈ ప్రాంతం వాడు కాదు. తన ఇంజను అందానికి దిష్టి తీశారని వినేసరికి ముఖం చేటంత చేసుకున్నాడు. అతనే ఫిర్యాదు లేదన్నాక మాస్టరు ఏం రాస్తాడు? పెన్ను జేబులోకి పోయింది.

నేను తప్పించుకున్నాననే అనుకున్నాను. మామ తన కొత్త తువ్వాలును నీళ్ల గొట్టం కింద తడిపి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నన్ను ఎత్తి ఇంజను మెట్టు మీద నిలబెట్టాడు. తుడిచాను. మూడుసార్లు తువ్వాలు పిండి తెచ్చి ఇచ్చాడు, మూడుసార్లు తుడిచాను. అరచేతి కింద ఇనుము వెచ్చగా ఉంది, లోపలేదో అదురుతూ ఉంది. తలుపు సందులోంచి డ్రైవరు అన్నం టిఫిను డబ్బా, మేకుకు తగిలించిన చొక్కా, మీటల పక్కన అంటించిన చిన్న దేవుడి పటం కనిపించాయి. పటానికి ఆ పొద్దున పెట్టిన బంతిపువ్వు కూడా ఉంది. మామ ఇంజనులోనూ అచ్చం అలాంటి పటమే ఉండేది. నాకు మొదటిసారి సిగ్గేసింది.

ఇంజను కాస్త అందంగా కనిపించిందా అంటే, లేదు. దగ్గర్నుంచి ఇంకా వికారంగా ఉంది.

గూడ్సు కదలడానికి టైముందని మామ నన్ను గేటు దాకా దిగబెట్టాడు. అడగకుండా ఉండలేకపోయాను. "నిజంగనే గది బాగుందా మామా?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, "థూ! బర్రె నయం" అన్నాడు. నేను ఏడుపులోనే నవ్వాను. తరవాత ఆయన నవ్వకుండా అన్నాడు. "తిట్టేటందుకు దేవుడు నోరిచ్చిండు గదా బిడ్డా. నోటితోని ఎంతన్న తిట్టు. చెయ్యి మాత్రం తుడిచేటందుకే." పేడ మరకల తువ్వాలు భుజాన వేసుకుని, పండగపూట అలాగే ఇంజను ఎక్కి వెళ్లిపోయాడు.

ఆయన ట్రైనింగుకు పోయాడు, డీజిల్ డ్రైవరుగానే రిటైరయ్యాడు. అన్నేళ్లూ దాన్ని రోజూ తిట్టాడు, రోజూ తుడిచాడు. ఆయన నడిపే ఇంజను తలుపు మీద చిన్న మరక కూడా ఉండేది కాదని నాతో చాలామంది చెప్పారు. అందం గురించి ఆయన అభిప్రాయం మాత్రం చివరిదాకా మారలేదు. నాదీ మారలేదు.

మొన్న మనవడితో కలిసి గద్వాల స్టేషనుకు పోయాను. కరెంటు ఇంజను వచ్చి ఆగింది. తెల్లటి ఒళ్లు, ఎర్ర పట్టీ, నెత్తిన తీగను పట్టుకున్న ఇనుప మడతకుర్చీ ఒకటి. రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి కాబట్టి మా పెద్దమనుషులకు ఇక ఆ కష్టమూ లేదు, ఎటు పూజ చేసినా చెల్లుతుంది. మనవడు ఫోనుతో ఫొటోలు తీస్తూ ఎగురుతున్నాడు. డ్రైవరు తలుపు కింద ఎవడో గుట్కా నమిలి ఉమ్మిన మరక ఎర్రగా కారి ఉంది. ఫొటోలో అది పడకుండా వాడు పక్కకు జరిగి తీసుకుంటున్నాడు.

నేను వాడి చేతిలోని నీళ్ల సీసా లాక్కుని, కొంగు తడిపి, ఆ మరక తుడవడం మొదలుపెట్టాను. "అవ్వా, అందరు సూస్తుండ్రు" అని వాడు గోల చేశాడు. చూడనీ. పైనుంచి డ్రైవరు పిల్లవాడు తల బయటపెట్టి, "ఏందవ్వా, ఏం జేస్తున్నవ్?" అన్నాడు. "దిష్టి తీస్తున్న, నీ పని నువ్ జూస్కో" అన్నాను. మరక పూర్తిగా పోయేదాకా తుడిచాను.

బండి పోయాక మనవడు నా పక్కన కూర్చుని, అంతగా తుడిచినందుకు నాకది నచ్చిందనుకుని, ఆశగా అడిగాడు. "ఇప్పుడన్న చెప్పవ్వా, పదికి ఎన్ని?"

నా చెయ్యి ఇంకా తడిగానే ఉంది. అందుకని ధైర్యంగా నోరు తెరిచాను.

"థూ! సున్న" అన్నాను.