మామయ్య పేరు పక్కన గారు లేదు

పెళ్లయ్యాక కూడా బీదర్‌లో నా చదువు ఆగలేదంటే అది మామయ్య చలవే. చుట్టాలు "కోడలికి ఇంక కాలేజేంది?" అని సణిగినా ఆయన చెవిన పెట్టలేదు. అలాంటి మనిషిని ఒక ఇంటిపేరు, దాని వెనక ఒక అక్షరం, ఒక చుక్కగా రాయాల్సి రావడం నాకు ప్రాణసంకటమైంది.

ఎం.ఏ. ఆఖరి ఏడాది కన్నడంలో రాయాల్సిన ప్రాజెక్టుకు మా గంజ్ మార్కెట్లో కందిపప్పు వ్యాపారం చేసే తెలుగు కుటుంబాల కథ తీసుకున్నాను. పుస్తకాల్లో దొరికింది తక్కువ, మామయ్యను అడిగి రాసుకున్నదే ఎక్కువ. ఆధారాలు చూపించడానికి ఏపీఏ పద్ధతో, ఎంఎల్ఏ పద్ధతో ఏదో ఒకటి పట్టుకోమనీ, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్లనూ ఆధారాల పట్టికలో చేర్చమనీ గైడ్ సార్ మొదట్లోనే చెప్పారు. నేనేమో సగం పేజీల్లో బ్రాకెట్లో ఏడాది వేశాను, సగం పేజీల్లో పేజీ నంబరు వేశాను. అన్నీ ఏపీఏకి మార్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

తీరా మామయ్య దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆడలేదు. మా ఇళ్లలో కోడళ్లు మామగారి పేరు పలకరు. ఆఫీసులో ఎవరైనా అడిగినా పక్కనున్న వాళ్ల చేత చెప్పిస్తాం. అందుకని ఆయన చోట కన్నడంలో 'మామగారు' అని మాత్రమే టైపు చేశాను. కంప్యూటర్ ఆయన్ను అక్షరక్రమంలో ఇద్దరు ప్రొఫెసర్ల మధ్య కూర్చోబెట్టింది.

సార్ దాని కింద ఎర్రగీత గీసి, ఈ రచయిత ఎవరమ్మా అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. పేరు లేకపోతే బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ ఇదంతా నేనే కల్పించాననుకుంటారనీ, ప్రాజెక్టు తిరిగొస్తే ఏడాది పోతుందనీ సార్ హెచ్చరించారు. ఏడాది పోతే మళ్లీ కాలేజీకి పంపుతారన్న నమ్మకం నాకు లేదు. మా ఆయన్ను అడిగితే, "నీ తిప్పలు నువ్వే పడు, నన్ను నడుమల వెట్టకు" అని దుకాణానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే పేరు టైపు చేశాను. ముందు శ్రీ లేదు, వెనక గారు లేదు. పెద్దాయన్ను పేరు పెట్టి కేకేసినట్టే అనిపించింది. ఆయనకు చూపించకుండానే ఇచ్చేస్తే ఏం పోయింది అనుకున్నాను. కానీ రేపెవరైనా చూసి ఆయన చెవిన వేస్తే? మీ కోడలు మిమ్మల్ని ఇట్లా రాసిందంటే? ఆ తలనొప్పి కన్నా నా చేతుల మీదుగా చూడడమే నయమనిపించి, ఆ సాయంత్రం కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

మామయ్య అద్దాలు పెట్టుకున్నారు. పట్టికలో తన పేరు దగ్గర ఆగారు.

"గారు ఏది బిడ్డా?"

"ఎవ్వరికీ పెట్టరు మామయ్యా. పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు గూడ లేదు, చూడుండ్రి."

ఆయన పై పేరు మీద వేలు పెట్టారు, తర్వాత కింది పేరు మీద పెట్టారు. "గట్లనా. అందరికి ఒకటే తీరైతే మంచిదే," అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కానీ ఆయన కాగితాలు తిరిగి ఇవ్వలేదు. పేజీలు వెనక్కి తిప్పుతూ, బ్రాకెట్లో తన పేరు కనబడ్డ చోటల్లా చదవడం మొదలుపెట్టారు. ఇంకా ఏం తప్పు దొరుకుతుందోనని నేను నిలబడే ఉన్నాను. ఒకచోట తల ఎత్తారు.

"గీ ముచ్చట నేను చెప్పలే గదా? కరువొచ్చిన ఏడు మిల్లు బందైతే, ఆడోళ్లు ఇండ్లల్ల ఇసుర్రాళ్లతోని పప్పు చేసి అమ్మిన్రని. అప్పుడు నేను ఊర్ల లేను. మీ అత్తమ్మ చెప్పింది."

నిజమే. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఇంటిపేరు కదా అని అంతా ఆయన కిందే వేశాను. అందులో తప్పుందని నాకు తోచనే లేదు. సార్‌కు కూడా తెలిసేది కాదు.

"ఆమెది వేరే రాయి," అని అత్తమ్మ పేరు చెప్పారు మామయ్య. "ఇగో", "ఇంటున్నవా" అని పిలవడమే తప్ప ఆయన నోట ఆ పేరు నేనెన్నడూ వినలేదు. నేను రాసుకోకుండా చూస్తూ ఉండిపోయేసరికి, ఇంకోసారి కొంచెం గట్టిగా చెప్పారు.

వంటింట్లోంచి అత్తమ్మ అడిగింది, "ఎవల్ని పిలుస్తున్నరు?"