ఖాదర్ భాయ్ సెలవు అర్జీ

తుంపరకు తడిసిన నేల మీద డీజిల్ ఒలికితే వచ్చే వాసన అందరికీ నచ్చదు. నాకు మాత్రం అది తగిలితే కాళ్లు ఆగిపోతాయి. నిన్న పెట్రోలు బంకు దగ్గర అలాగే నిలబడిపోతే వెనక ఆటోవాడు నా వంశాన్ని పేరుపేరునా పలకరించాడు. అప్పటికి నేను 1973లో, ఒమాన్ దేశపు సలాలాలో, ఖాదర్ భాయ్ షెడ్డులో ఉన్నాను.

రోడ్లు వేసే కంపెనీలో ఆయన మెకానిక్కు, కడప మనిషి. నేను స్టోరు గుమస్తాను. బీయస్సీ ఫిజిక్సు చదివిన ఫలితంగా బోల్టులకు కాపలా కాసేవాణ్ణి. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి పాడైందని ఏ డ్రైవరు వచ్చినా, ముందు అందులో ఏమేం పనిచేస్తున్నాయో చెప్పాలి. "చెడిపోయింది నేను కనుక్కుంటాలేప్పా, బాగుండేవి చెప్పు" అనేవాడు. మరమ్మతు అక్కణ్ణుంచి మొదలయ్యేది.

ఆగస్టులో సలాలా అంతా మంచూ తుంపరా. ఒకరోజు టీ వేళ రేడియోలో ఇంగ్లీషు వార్తలు వస్తున్నాయి. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో ముగ్గురు అమెరికా వాళ్లున్నారు. వాళ్లు ఇంటికి రావలసిన నౌకను అటూ ఇటూ తిప్పే చిన్న ఇంజన్ల జట్లు నాలుగైతే, రెండు కారుతున్నాయి. నేను దాన్ని తెలుగు చేసి చెప్పాను, కొంచెం భయం కలిపి.

ఖాదర్ భాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మిగతా రెండూ?"

"బాగానే ఉన్నాయట. ఎందుకైనా మంచిదని ఇంకో నౌకను కూడా సిద్ధం చేస్తున్నారట."

"రెండుంటే వస్తారులే." గ్లాసు మళ్లీ అందుకుని, "వాళ్లకు పిల్లోళ్లుండారా, బీయస్సీ?" అన్నాడు.

ఆయన ఊరు విడిచాక పుట్టిన కూతురికి అప్పటికి రెండున్నరేళ్లు. ఫోటోలో తప్ప చూడలేదు. అయినా సెలవు అడిగిన మనిషి కాదు. ఆ రోజు నుంచి టీ వేళ ఆ ముగ్గురి సంగతి అడిగేవాడు, సొంత తమ్ముళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందా అన్నట్టు. సెప్టెంబరు చివర వాళ్లు ఆ పాడైన నౌకలోనే క్షేమంగా సముద్రంలో దిగారు.

"ఇండ్లకు పోయింటారు" అన్నాడు. పానా తుడుస్తూ, నా వైపు చూడకుండా, "నాకూ ఒక అర్జీ రాయప్పా. నీ ఇంగ్లీషు బాగుంటాది గదా" అన్నాడు.

నా ఇంగ్లీషు అవసరానికి మించే బాగుండేది. ఆయన పద్ధతే పట్టుకుని, ఆయనలో బాగున్నవన్నీ రాశాను. ఈయన చేయి పడనిదే ఒక్క బండీ కదలదన్నాను. ఇంతటి పనివాడు ఈ తీరంలోనే లేడన్నాను. మేనేజరు రెండుసార్లు చదివి మెచ్చుకున్నాడు. అంతటివాణ్ణి ఎలా వదులుతామని సెలవు ఇవ్వలేదు.

ఆ మాట నేనే మోసుకుని షెడ్డుకు వెళ్లాను. ఖాదర్ భాయ్ చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నా. "అంత బాగా రాసినావా" అన్నాడు చివరికి. "నా గురించి ఎవురూ అట్ల రాయలేదప్పా. ఇంగో కాపీ ఉంటే ఇయ్యి, ఇంటికి పంపిస్తా."

మరో ఏడాదిన్నరకు గాని ఆయన వెళ్లలేకపోయాడు. కడప నుంచి ఉత్తరం వచ్చింది: "పాప గడపలో నిలబడి 'ఎవురు కావాల' అనింది. 'నువ్వే' అన్నా."

ఆ తర్వాత నా ఉద్యోగమంతా ఎందరికో సెలవు అర్జీలు రాశాను. అన్నిట్లోనూ రెండే వాక్యాలు. ఇతను ఇంటికి వెళ్లాలి. ఇతను లేకపోయినా పని ఆగదు. రెండోది రాసిన ప్రతిసారీ అబద్ధమే రాశాను.