బాసమ్మకి నోరు, నాకు చెవి

ఆ రోజుల్లో నాకు పందొమ్మిదేళ్ళు. ఆ వయసులో మనిషికి తన దగ్గరున్నవన్నీ పుట్టుకతో వచ్చిన ఆస్తులనిపిస్తాయి, వేరే ఎవరైనా చెయ్యి వేసేదాకా వాటి ఊసే పట్టదు. యాంగోన్‌లో ఒక సెల్‌ఫోన్ల కొట్లో పనిచేసేదాన్ని. బర్మీస్‌లో బేరాలాడుతూ, ఇంగ్లీషులో గొప్పలు పోతూ, తెలుగులో మాత్రం నోరు విప్పకుండా హాయిగా బతికేదాన్ని. తెలుగు అర్థం కాక కాదు, అంతా అర్థమయ్యేది. మా మామ్మ (నాన్నగారి తల్లి, గంజాం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ కూతురు) "తిన్నావేటే గుంటా?" అంటే నేను తినేశానని బర్మీస్‌లో "సా పీబీ" అనేదాన్ని. ఆవిడ ఒక భాషలో అడగడం, నేను ఇంకో భాషలో చెప్పడం మాకు చిన్నప్పటినుంచీ అలవాటే. అందులో వింత ఉందని బాసమ్మ వచ్చేదాకా నాకు తోచలేదు.

బాసమ్మ అంటే మా పై అంతస్తులో గది అద్దెకు తీసుకున్న తెల్లమ్మాయి. పెద్ద ఊళ్ళలో చిన్న భాషలు ఎలా బతుకుతున్నాయో చూద్దామని వచ్చిందట. మొదటిరోజు మామ్మ ఆ అమ్మాయిని మెట్లమీద నిలబెట్టి "ఏ దేసమమ్మా మీది?" అని అడిగింది. నేను దుబాసీని. "బాస్క్" అంది ఆ అమ్మాయి. మామ్మ నా వైపు తిరిగి, "బాస కాదే, దేసం అడగవే!" అని విసుక్కుంది. సంగతి విడమరిచి చెప్తే ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వి, "మీ మామ్మ సరిగ్గానే చెప్పింది, మాకు రెండూ ఒకటే" అంది. బాస్క్ అన్నది వాళ్ళ జాతి పేరూ, భాష పేరూనట. పాస్‌పోర్టు మాత్రం స్పెయిన్‌ది. (ఎవరైనా "స్పెయిన్ అమ్మాయి" అంటే ముఖం గంటు పెట్టుకునేది.) ఆ పూట నుంచీ మామ్మకి ఆమె బాసమ్మే.

వాళ్ళ అమ్మమ్మ కాలంలో బళ్ళో ఆ భాష మాట్లాడితే దెబ్బలు పడేవట. ఆ భయంతో అమ్మమ్మ ఈ అమ్మాయి తల్లికి నేర్పలేదు. ఆ తరవాత జనమే చందాలు వేసుకుని బళ్ళు పెట్టుకున్నారు, ఊరేగింపులు తీశారు, పనులు ముగించుకుని వచ్చినవాళ్ళకి సాయంత్రం తరగతులు నడిపారు. ఈ అమ్మాయి కూడా పెద్దయ్యాక అలాంటి తరగతిలో కూర్చునే తన సొంత భాష నేర్చుకుందట. ఇదంతా నాన్నగారు నోరు తెరుచుకుని విని, నావైపు ఒక చూపు చూశారు. అప్పుడు మొదలైంది నా కుళ్ళు.

రోజూ సాయంత్రం నేను కొట్టు నుంచి వచ్చేసరికి మామ్మ పక్కన, అచ్చంగా నేను కూర్చునే చోట, బాసమ్మ కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ ఉండేది. నాలుగు నెలలు తిరిగేసరికి "ఏటి మామ్మా, మోకాలు నొప్పి తగ్గినాదా?" అని గంజాం యాసలో పలకరిస్తోంది! మామ్మ మురిసిపోయి ఎండుచేపల పులుసు ఆమెకే ముందు పోసేది. "ఎక్కడో పుట్టిన పిల్ల నేర్చీసుకున్నాది, మా ఇంట్లో పుట్టింది మాత్రం సా పీబీ" అని వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పేది. నేను అద్దం ముందు నిలబడి "మోకాలు నొప్పి తగ్గినాదా" అని సాధన చేసేదాన్ని. మామ్మ ఎదుట మాత్రం నాలిక అంగిట్లో అతుక్కుపోయేది.

ఒక ఆదివారం బాసమ్మ అట్టముక్కలతో గుండ్రటి బిళ్ళలు చేసి తెచ్చింది. వాళ్ళ దేశంలో అప్పుడప్పుడు కొన్నాళ్ళపాటు జనం ఇలాంటివి తగిలించుకుని తిరుగుతారట. నోరు బొమ్మ ఉన్నవాళ్ళు తమ భాషలోనే మాట్లాడాలి. చెవి బొమ్మ ఉన్నవాళ్ళతో ఆ భాషలో మాట్లాడొచ్చు, వాళ్ళకి అర్థమవుతుంది. మామ్మకి నోరు, బాసమ్మకి నోరు. నాకు చెవి! "చెవి తక్కువేం కాదు" అని ఆ అమ్మాయి ఓదార్చబోయింది. పైగా వాళ్ళ మాటలో తమవాళ్ళని ఎవుస్కాల్దున్ అంటారని, దానికి ఆ భాష ఉన్నవాళ్ళని అర్థమని చెప్పింది. నాకు ఎక్కడో కాలింది. "అయితే నేను తెలుగుదాన్ని కానా?" అన్నాను ఇంగ్లీషులో. ఆమె మొహం చిన్నబోయింది. "దానిమీద మేమూ ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. మా అమ్మకి భాష రాదు. ఆమె మా మనిషి కాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను" అంది. అంత మంచి జవాబు చెప్పినందుకు ఆమె మీద ఇంకా మండింది. చెవి పీకి బల్లమీద పడేసి నోరు తగిలించుకున్నాను.

ఆ వేళే నదికి అవతల దలాలో మా మేనత్త మనవడికి అన్నప్రాసన. మామ్మ, నేను, బాసమ్మ ముగ్గురం ఫెర్రీ ఎక్కాం. నేను నోటి బిళ్ళ గౌరవం కాపాడుకోడానికి ఉడికించిన పిట్టగుడ్లు అమ్మే ఆవిడతో తెలుగులో బేరమాడాను. ఆవిడ నాకు పిచ్చెక్కిందేమో అన్నట్టు మామ్మవైపు చూసింది. మామ్మ చక్కటి బర్మీస్‌లో రెండు మాటలు అని, ధర తగ్గించి, గుడ్డు వలిచి బాసమ్మ చేతిలో పెట్టింది.

దలాలో ఇంటినిండా చుట్టాలు. పసివాణ్ణి నా ఒళ్ళో పెట్టారు. అందరూ నా బిళ్ళకేసి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, "పిల్లాడు ఎంత మొద్దుగా ఉన్నాడో!" అన్నాను. వాడి తల్లి మొహంలో నవ్వు ఆరిపోయింది. బాసమ్మ వంగి వాడి బుగ్గ నిమిరి, "ముద్దుగా ఉన్నాడు కదా మామ్మా" అంది మెత్తగా. ఇల్లు ఇల్లంతా చప్పట్లు! నన్ను కాపాడటానికే అలా అన్నదని ఈరోజు తెలుసు. ఆరోజు మాత్రం ఆమెని నదిలో తోసెయ్యాలనిపించింది.

తిరుగు ప్రయాణంలో ఎండ. మామ్మ చీరచెంగుతో బాసమ్మ మొహం తుడిచింది. అంతే, నాలో ఏదో తెగింది. "నానేటి నీకు పరాయిదాన్నా? పొద్దున్న లెగిస్తే బాసమ్మ, పొద్దోతే బాసమ్మ! నా పీట మీద కూకోబెట్టీనావు, నా పులుసు పోసీనావు, ఇప్పుడు నా చెంగు కూడానా? తుడిస్తే నా మొకం తుడవాల! తిడితే నన్నే తిట్టాల!" అని అరిచాను. ఫెర్రీలో సగం మంది ఇటు తిరిగారు. మామ్మ తగ్గిందా? "ఓలమ్మో! ఇన్నేళ్ళూ నాను పిలిస్తే ఏ బాసలో పలికినావే? ఆ పిల్ల మామ్మా అంటాది, నువ్వేటంటావు?" అని నడుం మీద చేతులేసుకుంది. రేవు చేరేదాకా ఇద్దరం ఒక్క బర్మీస్ ముక్క లేకుండా కొట్టుకున్నాం. (ఆ సంగతి నాకు మర్నాడు కొట్లో తట్టింది.)

దిగబోతూ చూస్తే బాసమ్మ ఏడుస్తోంది. బాధపెట్టానేమోనని భయపడ్డాను. ఆమె తల అడ్డంగా ఊపి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. "నేను భాష నేర్చుకునేసరికి మా అమ్మమ్మ పోయింది. తరగతిలో వ్యాకరణం చెప్తారు, పోట్లాట చెప్పరు. మా భాషలో నన్ను ఇలా కోప్పడినవాళ్ళు ఒక్కరూ లేరు. నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉంది." నన్ను చూసి కుళ్ళుకునే మనిషి కూడా లోకంలో ఉందని తెలిసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఎంత సంతోషమేసిందో! ఆ సంతోషంలో ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దించాను.

వానలు మొదలయ్యేముందు ఆమె వెళ్ళిపోయింది. మామ్మా నేనూ మిగిలిన ఆ కొద్ది ఏళ్ళూ తెలుగులోనే మాట్లాడుకున్నాం, అంటే ఎక్కువగా పోట్లాడుకున్నాం. ఇప్పుడు మామ్మ లేదు. బాసమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు లేక మాట మాటకీ తడుముకుంటుంది పాపం. "మామ్మ దీన్ని ఎలా అనేది?" అని అడుగుతుంది. నేను మామ్మ గొంతుతోనే అని చూపిస్తాను. తరవాత ఆమె తప్పులు ఒక్కొక్కటే దిద్దుతాను. దిద్దేటప్పుడు నా మొహం మరీ వెలిగిపోతోందని మా ఆయన అంటాడు. వెలగదా మరి!