దొరగారితో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో, అంటే నాకు మొదటి ఉద్యోగం వచ్చి, చికాగో పక్కన అరోరాలో బాబాయి వాళ్ళ బేస్‌మెంట్‌లో కాపురం ఉంటున్న రోజుల్లో, మనుషులు తమకు పనికొచ్చే వస్తువుల్నే ఇష్టపడతారని నేను నమ్మేవాణ్ణి. అన్ని పుస్తకాలు చదివినవాడికి ఆ మాత్రం తెలియదా అని మీరు అడగవచ్చు. తెలియదు. ఎందుకూ పనికిరాని వస్తువు మీద మనిషికి ఎంత ప్రేమ ఉండగలదో నాకు బాబాయి చూపించారు. ఆయన మొన్న చలికాలం చివర్లో పోయారు. సంతాప సభలో అందరూ ఆయన హస్తవాసి గురించీ, చదివించిన పిల్లల గురించీ మాట్లాడారు. అవన్నీ నిజాలే. నాకు మాత్రం, వెచ్చటి ఇంట్లో ఉన్ని కోటు విప్పకుండా, ఎడమ చేతిని పక్కటెముకలకు అదుముకుని, చెమటలు కారుస్తూ సోఫాలో కూర్చున్న మనిషే కళ్ళముందు ఉన్నారు. సభలో చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బాబాయి మా నాన్నకు చిన్నాన్న కొడుకు. మత్తు డాక్టరు. ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రిటైరయ్యాక స్నేహితులు గోల్ఫ్ ఆడమంటే, ఆయన తుపాకుల షాపుకు వెళ్ళారు. మనవాళ్ళ ఇళ్ళలో బంగారం కోసం దొంగలు పడుతున్నారన్నది పైకి చెప్పిన కారణం. షాపులో ముసలాయన మంచివాడు. బట్టల కింద కనపడకుండా రోజూ వెంట పెట్టుకునేందుకు పల్చటి పిస్టల్ ఒకటి ఇచ్చాడు. బాబాయి లైసెన్సు క్లాసుకు వెళ్ళి, ముందు వరసలో కూర్చుని, నోట్సు రాసుకుని మరీ పాసయ్యారు. కథ అక్కడితో అయిపోవలసింది. కానీ పిస్టల్ పుచ్చుకుని బయటికి వస్తూ ఆయన అద్దాల బీరువాలోకి చూశారు. అందులో ఒక రివాల్వర్ ఉంది. నల్లగా, ఎండ పడితే నీలంగా మెరిసే ఉక్కు. వాల్‌నట్ చెక్క పిడి. గొట్టమే జానెడు. అడవుల్లో వేటకు వెళ్ళేవాళ్ళు, ఎలుగుబంటి ఎదురైతే ఉంటుందని నడుముకు కట్టుకునే రకం. (అరోరాలో ఎలుగుబంట్లు లేవు. ఉడతలు ఉన్నాయి.)

పిస్టల్‌కు 'గుమస్తా' అనీ, రివాల్వర్‌కు 'దొరగారు' అనీ ఆయనే పేర్లు పెట్టారు. "గుమస్తా రోజూ డ్యూటీకి వస్తాడురా. పనిమంతుడే. కానీ చేత్తో పట్టుకుంటే టీవీ రిమోట్ పట్టుకున్నట్టుంటుంది. దొరగారి సంగతి వేరు," అనేవారు. శనివారాలు తుపాకీ పేల్చడం సాధన చేసే రేంజ్‌కు నన్ను కూడా తీసుకెళ్ళేవారు. దొరగారిని నేను ఒక్కసారే పేల్చాను. నా రెండు చేతులూ నెత్తి మీదికి వెళ్ళిపోయాయి. దూరంగా వేలాడదీసిన కాగితం మీద ఎక్కడా చిల్లు లేదు. "పరవాలేదులే. ఎలుగుబంటి భయపడి ఉంటుంది," అన్నారు బాబాయి. ఇంటికి వచ్చాక న్యూస్‌పేపర్ పరిచి, దొరగారిని విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, నూనె రాసేవారు. అలా తుడుస్తున్నప్పుడు ఆయన ఏదో కూనిరాగం తీసేవారు. పిన్ని ఆ రాగం విని, "నా నగలు కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ తుడవలేదు," అనేది.

అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. దొరగారిని బయటికి కూడా తీసుకెళ్ళాలని ఆయనకు కోరిక పుట్టడంతో కష్టాలు మొదలయ్యాయి. కిలోన్నరకు కాస్త తక్కువ బరువు ఉన్న ఇనుమును నడుముకు కట్టుకుంటే ప్యాంటు ఆగదు. ఇండియన్ గ్రోసరీలో ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో బెండకాయలు విరిచి చూస్తున్న ఆయన్ని చూసి, అక్కడ ఒకావిడ పిన్నిని పక్కకు పిలిచి, డాక్టరుగారు బాగా చిక్కిపోయారే, టెస్టులు చేయించారా అని అడిగింది. దాంతో ఆయన భుజానికి తగిలించుకునే తోలు పట్టీలు తెప్పించారు. వాటితో దొరగారు ఎడమ చంక కింద తలకిందులుగా వేలాడతారు. కొస నడుము దాకా వస్తుంది. పైన బరువైన కోటు ఉంటే తప్ప దాగదు. చికాగో చలి కోసం ఎదురుచూసిన తెలుగువాణ్ణి ఆయన్నొక్కరినే చూశాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. దొరగారిలో ఆయన ఎప్పుడూ గుళ్ళు పెట్టేవారు కాదు. గుళ్ళు ఇంట్లో బీరువాలో తాళం వేసి ఉండేవి. మరి ఎందుకు మోయడం అని అడిగాను. "నేను మత్తు డాక్టర్నిరా. మందు దగ్గర పెట్టుకోవడం వేరు, ఎక్కించడం వేరు," అన్నారు. అది జవాబు కాదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

చివరికి పిన్ని తీర్పు చెప్పింది. "ఆ చిన్నది పెట్టుకుంటే పెట్టుకోండి. ఈ రోకలి మాత్రం నలుగురున్న చోటికి రావడానికి వీల్లేదు." బాబాయి సరేనన్నారు.

ఆ చలికాలంలోనే నాకు సంబంధం వచ్చింది. పక్కనే నేపర్‌విల్‌లో ఒక గుండె డాక్టరుగారి అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగింది. అప్పటికే మేం ఫోన్లో చాలా మాట్లాడుకున్నాం. నేను మాట్లాడాను అంటే సరిగ్గా ఉంటుంది. ఆ అమ్మాయి గొంతు వినకపోతే రోజు గడవని స్థితికి వచ్చాను. ఇక వాళ్ళింటికి వెళ్ళి పెద్దల చేత సరే అనిపించుకోవడం ఒక్కటే మిగిలింది. మా నాన్న తరఫున పెద్దమనిషి బాబాయే. బయల్దేరే ముందు నన్ను గరాజ్‌లోకి పిలిచి, వీపు తిప్పి, "ఈ పట్టీ కాస్త బిగించు," అన్నారు.

"బాబాయ్, ఇవాళ కూడానా? పిన్నికి మాటిచ్చావు కదా."

"మీ పిన్ని ఒంటిమీద ఇవాళ బంగారం ఎంతుందో చూశావా? చీకటి పడ్డాక తిరిగొస్తాం."

"పోనీ గుమస్తాని పెట్టుకోవచ్చుగా."

"శుభకార్యానికి గుమస్తాని పంపిస్తారట్రా ఎవరైనా?"

బిగించాను. ఆయన పెద్ద కోటు వేసుకుని మెడ దాకా గుండీలు పెట్టుకున్నారు. కారు సగం దూరం వెళ్ళాక, ముందు జాగ్రత్తగా ఉంటుందని, అమ్మాయి నాకు చెప్పిన ఒక సంగతి బయటపెట్టాను. వాళ్ళ నాన్నగారు కుర్ర డాక్టరుగా ఉన్నప్పుడు చికాగోలో ఎమర్జెన్సీ వార్డులో పనిచేశారు. తుపాకీ దెబ్బలు తిన్న పిల్లల్ని చూసి చూసి, ఆయనకు తుపాకీ మాటెత్తితేనే పడదు. "కాబట్టి ఆయన ముందు ఆ టాపిక్ ఎత్తకండి," అని ముగించాను. డ్రైవ్ చేస్తున్న బాబాయి అద్దంలో నా వైపు చూశారు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంత మంచి విషయం గరాజ్‌లో ఎందుకు చెప్పలేదురా అన్నట్టుంది. పక్కనే పిన్ని ఉంది. ఆగి, దించి, డిక్కీలో పెట్టడానికి దారి లేదు. మేం చేరేసరికి వాళ్ళు గుమ్మం దిగి ఎదురొచ్చారు.

మన ఇళ్ళ మర్యాద మీకు తెలిసిందే. గుమ్మంలో బూట్లు విప్పాలి, కోట్లు విప్పి ఇచ్చెయ్యాలి. వాటిని ఎవరో ఒకరు పట్టుకెళ్ళి లోపల మంచం మీద గుట్టగా పోస్తారు. అమ్మాయి తల్లి చేతులు చాచి నిలబడింది. పిన్ని ఇచ్చింది, నేనిచ్చాను. బాబాయి మాత్రం, "నాకు కొంచెం చలిగా ఉందండీ, ఉండనివ్వండి," అన్నారు. ఆవిడ వెంటనే వెళ్ళి హీటర్ పెంచింది. సోఫాలో కూర్చోబోతే దొరగారి కొస చెక్కకు తగిలి టక్కుమంది. ఆయన దగ్గారు. మళ్ళీ కదలకుండా ఎడమ చెయ్యి పక్కకు అదిమిపెట్టి కూర్చున్నారు. పకోడీలు వచ్చాయి. వేడి టీ వచ్చింది. అమ్మాయి వచ్చింది. నేను అమ్మాయినే చూస్తున్నాను కనుక బాబాయిని చూడలేదు. కాసేపటికి అమ్మాయి తండ్రి మాట మధ్యలో ఆపి బాబాయినే చూస్తున్నారని గమనించాను. బాబాయి నుదుటి మీంచి చెమట గడ్డం మీదికి కారుతోంది. మొహం పాలిపోయింది. ఎడమ చెయ్యి ఛాతీకి అంటుకుని ఉంది.

"డాక్టరుగారూ, చెయ్యి లాగుతోందా?"

"అబ్బే, ఏం లేదండీ."

"ఎప్పట్నుంచి?"

"లేదని చెప్తున్నానుగా."

"అందరూ అలాగే అంటారు. ఏమేవ్, ఆస్పిరిన్ పట్రా. బాబూ, నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి."

పిన్ని లేచి నిలబడి ఏడుపు అందుకుంది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. ఫోన్ చేస్తే అంబులెన్స్‌తో పాటు పోలీసులు కూడా రావచ్చు. చెయ్యకపోతే కన్నతండ్రిలా చూసుకున్న మనిషి పోతుంటే చూస్తూ ఊరుకున్న వెధవనవుతాను. నిజం చెబితే ఈ ఇంట్లో నాకు పిల్ల దొరకదు. బాబాయి నా వైపు చూసి, నిజం చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. అంబులెన్స్ ఎక్కి వెళ్ళిపోవడానికే ఆయన సిద్ధపడ్డట్టు నాకు అనిపించింది. ఈలోగా అమ్మాయి తండ్రి అలవాటైన వేళ్ళతో కోటు గుండీలు చకచకా విప్పేసి, ఛాతీ మీద చెయ్యి పెట్టి, ఆగిపోయారు. ఆయన చేతికింద వాల్‌నట్ పిడి ఉంది.



"లోడ్ చెయ్యలేదండీ," అన్నారు బాబాయి మెల్లగా.

అమ్మాయి మెడ చాచి చూసి, "డాడీ, ఇట్స్ నాట్ ఎ హార్ట్ ఎటాక్. ఇట్స్ ఎ గన్," అంది. ఆ తర్వాత తనకు నవ్వు ఆగలేదు. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. వాళ్ళమ్మ ఆస్పిరిన్ సీసాతో వచ్చి, విషయం చూసి, "అయ్యో, ఎందుకండీ అంత పెద్దది?" అని అడిగింది.

"ఎలుగుబంటి కోసమటండీ," అంది పిన్ని. ఏడుపు ఆగిపోయింది. చెయ్యి చాచి, "ఇటివ్వండి," అంది. బాబాయి చెప్పులు దొంగిలించి దొరికిన పిల్లాడిలా పట్టీల్లోంచి దాన్ని తీసి, ఖాళీ అని అందరికీ తెరిచి చూపించి, ఆవిడ చేతిలో పెట్టారు. పిన్ని దాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టబోయింది. పట్టలేదు. అడ్డంగా పెట్టినా, నిలువుగా పెట్టినా సగం బయటే ఉంది. చివరికి అమ్మాయి తల్లి లోపల్నుంచి టవల్ తెచ్చి చుట్టి ఇస్తే, పిన్ని దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్ళి, డిక్కీలో పెట్టి తాళం వేసి వచ్చింది. డాక్టరుగారు ఈలోగా బాబాయి నాడి పట్టుకుని చూశారు. "గుండెకేం లేదు," అని మాత్రం అన్నారు.

ఆ తర్వాత గదిలో పడ్డ నిశ్శబ్దాన్ని భరించలేక నేను లేచి, గోడకున్న పుస్తకాల అర దగ్గరికి వెళ్ళాను. కనిపించిన ప్రతి పుస్తకం గురించీ మాట్లాడాను. చదివినవాటి గురించి మాట్లాడాను. చదవనివాటి గురించి ఇంకాస్త ఎక్కువ మాట్లాడాను. అమ్మాయి తండ్రి తల ఊపుతూ విన్నారు.

కొన్ని వారాలు వాళ్ళ దగ్గర్నుంచి మాటే లేదు. నేను తిండి మానేశాను. (పిన్ని లెక్క ప్రకారం తగ్గించాను.) ఒకరోజు ఆఫీసులో ఉండగా ఆయన ఫోను వచ్చింది. "అమ్మాయికి మొదట్నుంచీ ఇష్టమే. మాకూ అభ్యంతరం లేదు," అన్నారు. పెళ్ళయింది. బాబాయి దొరగారిని షాపు ముసలాయనకే తిరిగి ఇచ్చేశారని తర్వాత తెలిసింది. ఎందుకని అడిగితే భుజం నొప్పి అన్నారు. న్యూస్‌పేపర్ మీద గుమస్తాని విప్పి తుడిచేవారు గానీ, కూనిరాగం వినపడేది కాదు. సంబంధం ఎలా కుదిరిందన్న విషయంలో నాకు అనుమానమే లేదు. ఆ రోజు పుస్తకాల అర ముందు నేను మాట్లాడిన తీరే పని చేసిందనుకున్నాను. ఈ మాట కొందరు స్నేహితులకు చెప్పాను కూడా.

మొన్న బాబాయి కర్మలయ్యాక, భోజనాల దగ్గర మామగారు నా పక్కన కూర్చున్నారు. "పేషెంట్ సంగతులు బయట చెప్పకూడదని ఇన్నాళ్ళూ చెప్పలేదయ్యా," అని మొదలుపెట్టారు. మేం వచ్చి వెళ్ళాక ఆయన వద్దనే చెబుదామనుకున్నారట. ఒకరోజు క్లినిక్‌లో కొత్త పేషెంటు పేరు చూసి ఆశ్చర్యపోయారట. ఛాతీ నొప్పి అని అపాయింట్‌మెంట్ తీసుకుని, నర్సు ఇచ్చిన కాగితం గౌను వేసుకుని, బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని బాబాయి కూర్చుని ఉన్నారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"ఆ రోజు కోటు విప్పమన్నారు కదా, ఇదిగో అన్నీ విప్పేశానండీ, చూసుకోండి అన్నారు. దాన్ని షాపులో ఇచ్చేసి అట్నుంచి అటే వస్తున్నానన్నారు. నేను వద్దంటున్నా చొక్కా లేకుండానే మాట్లాడారయ్యా. నొప్పి ఏదీ అంటే, ఇంకా కుదరని సంబంధమే నొప్పి అన్నారు."

"నా గురించి ఏమైనా చెప్పారా?"

మామగారు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టారు. "చెప్పారు. మావాడు బంగారంలాంటి వాడండీ, పుస్తకాల గురించి మొదలుపెడితే ఆపడు, వాడికున్న జబ్బు అదొక్కటే, దానికోసం వద్దనకండి అన్నారు. నిజానికి నేను వద్దనుకోవడానికి తుపాకీ సగం కారణమే."

మిగతా సగం ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ పుస్తకాల అర ముందు నిలబడి, తన మాటల బలంతో ఒక పెళ్ళి కుదురుతోందని నమ్ముతూ చేతులు తిప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. వాడి వెనక సోఫాలో, కోటు గుండీలు ఊడి, చంక కింద ఖాళీ పట్టీలతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. అప్పటికే ఆయన ఒక నిర్ణయానికి వచ్చి ఉంటారు. వాడు మాత్రం ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసినట్టు లేదు.